ఆరు ప్రశ్నార్థకాలు

నా ప్రోగ్రాము నుంచి "తెలుగు" అని పంపితే "??????" అని తిరిగి వచ్చింది. లెక్క మాత్రం తప్పలేదు. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము: అన్ని లిపుల గుర్తులకూ సంఖ్యలిచ్చే యూనికోడ్ లెక్కలో ఆరు. ఒక్కోదానికి ఒక్కో ప్రశ్నార్థకం చొప్పున ఎంతో నిజాయితీగా పాడుచేసింది.

నాకు అప్పగించిన పని చిన్నదిగానే కనిపించింది. పదాలను వెతికిపెట్టే పాత లైబ్రరీ (వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడు) ఒకటి సీ భాషలో ఉంది. దాన్ని సీ షార్ప్‌లో రాసిన మా ప్రోగ్రాముకు కలపాలి. లైబ్రరీలోని ఫంక్షన్ల జాబితా ఉండే హెడర్ ఫైలులో పట్టుమని పదిహేను ఫంక్షన్లు లేవు. ప్రతిదానికీ "ఇది ఆ లైబ్రరీలో ఉంది" అని చెప్పే డీఎల్ఎల్ ఇంపోర్ట్ వాక్యం ఒకటి రాస్తే సరిపోతుందనుకుని, రెండు రోజుల్లో ముగిస్తానని మాట కూడా ఇచ్చేశాను. మూడు వారాలు పట్టింది.

ప్రశ్నార్థకాల సంగతి త్వరగానే తేలింది. సీ షార్ప్ నడిచే డాట్ నెట్ వేదికలో స్ట్రింగు, అంటే పాఠం, లోపల యూటీఎఫ్-16 అనే ఎన్‌కోడింగులో (అక్షరాలను సంఖ్యలుగా దాచే పద్ధతిలో) ఉంటుంది. సీ లైబ్రరీ అడిగేది బైట్ల వరుసను. మధ్యలో మార్పిడి చేసే మార్షలర్‌కు మనం ఏమీ చెప్పకపోతే సీ షార్ప్‌లో అది ఆన్సి పద్ధతిని ఎంచుకుంటుంది. విండోస్‌లో ఆన్సి అంటే ఆ కంప్యూటరులో అమర్చిన కోడ్ పేజీ, అంటే అక్షరాల పట్టిక. నా దాంట్లో ఉన్న 1252లో తెలుగు అక్షరాలకు చోటే లేదు. విచిత్రమేమిటంటే అదే కోడు సహోద్యోగి లినక్స్ యంత్రంలో చక్కగా నడిచింది, ఎందుకంటే అక్కడ ఆన్సి అంటే అన్ని లిపులనూ బైట్లుగా రాయగల యూటీఎఫ్-8 అనే అర్థం. ఒక రోజంతా "నీ యంత్రంలోనే ఏదో తేడా ఉంది" అనిపించుకున్నాను. చివరకు ప్రతి స్ట్రింగు పారామీటరుకూ యూటీఎఫ్-8 అని విడిగా రాసి ఊపిరి పీల్చుకున్నాను.

ఆ ఊపిరి ఎంతోసేపు నిలవలేదు. వెతికే ఫంక్షను ఇప్పుడు "తెలుగు" అని అడిగితే "తెల్ల", "తెర", "తెగులు" అన్నీ తెచ్చి ముందు పడేస్తోంది. లైబ్రరీ చెడిపోయిందనుకున్నాను. ఇంగ్లీషు పదాలతో రాసిన పరీక్షలన్నీ నెగ్గుతున్నాయి. తప్పు నాదే. ఆ ఫంక్షను పాయింటరుతో (మెమరీలో పాఠం ఉన్న చోటి చిరునామాతో) పాటు పొడవు కూడా అడుగుతుంది. నేను స్ట్రింగు లెంగ్త్‌ను, అంటే 6ను పంపాను. దానికి కావలసింది బైట్ల సంఖ్య. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతం మూడు బైట్లు తీసుకుంటుంది, కాబట్టి "తెలుగు" 18 బైట్లు. అందులో మొదటి ఆరు బైట్లు అంటే "తె" మాత్రమే. ఇంగ్లీషులో అక్షరానికి ఒకే బైటు కావడంతో ఈ లోపం ఎన్నాళ్లయినా దాక్కుని ఉండగలదు. మన లిపిలో పరీక్షించడం అభిమానం కోసమే కాదని అప్పుడే ఒప్పుకున్నాను.

ఇంతవరకు తప్పు జరిగితే కళ్లకు కనిపించింది. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది.

లైబ్రరీలో తన వెర్షను సంఖ్యను చార్ పాయింటరుగా, అంటే పాఠం ఉన్న చోటి చిరునామాగా, తిరిగిచ్చే ఫంక్షను ఒకటి ఉంది. దాని రిటర్న్ టైపును (తిరిగిచ్చేది ఏ రకమో) నేను స్ట్రింగు అని ప్రకటించాను. పిలిచిన వెంటనే ప్రోగ్రాము కుప్పకూలింది, 0xC0000374 అనే సంఖ్య మాత్రం మిగిలింది. హీప్, అంటే ప్రోగ్రాము అడిగినప్పుడల్లా మెమరీ ఇచ్చే చోటు, పాడైందని దాని అర్థం. స్ట్రింగు అని ప్రకటిస్తే మార్షలర్ ఆ పాఠాన్ని నకలు చేసుకుని, "ఈ మెమరీ ఇక నాది" అనుకుని దాన్ని విడుదల చేస్తుంది. కానీ ఆ వెర్షను పాఠం లైబ్రరీలోనే స్థిరంగా ఉన్న డేటా. ఎవరూ విడుదల చేయకూడనిది. రిటర్న్ టైపును ఇంట్‌పీటీఆర్‌గా (వట్టి చిరునామాగా) మార్చి, పాఠాన్ని నేనే చదువుకుని, పాయింటరును వదిలేశాను. ఫలితాల పాఠాన్ని ఇచ్చే మరో ఫంక్షను తీరు దీనికి భిన్నం: అది తానే మెమరీ కేటాయిస్తుంది, దాన్ని విడిపించడానికి వేరే ఫంక్షనూ ఇస్తుంది. అక్కడ చదివాక ఆ ఫంక్షనునే పిలవాలి. హెడర్‌లో చూస్తే మాత్రం రెండూ కవలల్లా ఉంటాయి.

నన్ను ఎక్కువ రోజులు తిప్పలు పెట్టింది జరిగిందల్లా రాసిపెట్టే లాగ్ ఫైలు పేరును తీసుకునే ఫంక్షను. మొదటి రోజు బాగానే పనిచేసింది. తర్వాత ఎప్పుడో ఒకసారి చెత్త అక్షరాల పేర్లతో ఫైళ్లు పుట్టడం మొదలైంది. మళ్లీ నడిపితే మాయం. లాగింగ్ కోడంతా తిరగేశాను. అక్కడ ఏ తప్పూ లేదు. ఆ ఫంక్షను పేరును నకలు చేసుకోదు, పాయింటరును దాచుకుంటుంది. మార్షలర్ ఇచ్చేదేమో తాత్కాలిక బఫరు, పిలుపు ముగియగానే దాన్ని విడిపించేస్తుంది. ఖాళీ అయిన ఆ చోటికి వేరే డేటా వచ్చి చేరేవరకు అంతా సవ్యంగానే కనిపిస్తుంది. అద్దె ముగిసిన ఇంటి చిరునామాకే ఉత్తరాలు రాస్తున్నట్టు. ఇప్పుడు ఆ పేరుకు నేనే మెమరీ కేటాయించి, లైబ్రరీని మూసేవరకు పట్టి ఉంచి, ఆ తర్వాత విడిపిస్తున్నాను.

ఈ మధ్య, డీఎల్ఎల్ ఇంపోర్ట్ బదులుగా డాట్ నెట్ 7తో వచ్చిన లైబ్రరీ ఇంపోర్ట్‌కు మారాను. ఏ ఎన్‌కోడింగో చెప్పకుండా స్ట్రింగును పంపబోతే అది కంపైలు కానే కాదు. ఆ గద్దింపు నాకు నచ్చింది, మొదటి రోజే ఎదురై ఉంటే ఆరు ప్రశ్నార్థకాలు చూసేవాణ్నే కాదు. మెమరీ ఎవరిదన్న సంగతి మాత్రం అదీ కనిపెట్టలేదు. అందుకే ప్రతి ఫంక్షను పైనా ఎవరు కేటాయిస్తారో, ఎవరు విడిపిస్తారో, పాయింటరును దాచుకుంటారో లేదో ఒక వాక్యం రాసి పెట్టాను. ఒక్కదాని పైన ఆ వాక్యం ఇంకా ఖాళీగానే ఉంది. దాని సీ కోడు చదివేవరకు ఆ ఫంక్షనును పిలవడం లేదు.