మూల ఎంచుకునేది కుందేలే: రెండు కుందేళ్లతో ఫ్లాట్‌లో నా అనుభవం

ఇంట్లో కుందేళ్లున్నాయని చెప్పగానే ఎవరైనా మొహం చిట్లించి అడిగేది ఒకటే, "ఇల్లంతా కంపు కొట్టదూ?" అని. నిజం చెప్పాలంటే పెంటికలకి కంపు ఉండదు. గట్టిగా, గుండ్రంగా, పొడిగా ఉంటాయి. వేళ్లతో నలిపితే లోపల గడ్డిపొట్టు తప్ప ఇంకేమీ కనిపించదు. ఒక్కో కుందేలు రోజుకి 200 నుంచి 300 దాకా వేస్తుంది కాబట్టి లెక్క వింటే భయమేస్తుంది గానీ, చీపురు పెడితే పోయేవే. కంపంతా ఉచ్చది. అది ఒకే చోట పడేలా చూసుకోగలిగితే సగం పని అయినట్టే. మిగతా సగం వాటి తిండిలో ఉంటుంది. ఈ రెండో సంగతి మాకు ఎవరూ ముందు చెప్పలేదు.

మాది హైదరాబాద్‌లో మూడో అంతస్తు, రెండు బెడ్‌రూముల ఫ్లాట్. నేను, మా ఆయన, పాప, మా అత్తయ్య. పాప ఏడాది పాటు బతిమాలితే రెండు పిల్లల్ని తెచ్చాం. తెల్లది మల్లి, నల్లది బొగ్గు. అమ్మినతను "రెండూ ఆడవే మేడం" అన్నాడు. అడుగున ఇనుప జాలీ ఉన్న పంజరం, రంగురంగుల గింజల ప్యాకెట్ చేతికిచ్చాడు. వారానికోసారి షాంపూతో స్నానం చేయించమని, క్యారెట్ బాగా పెట్టమని సలహా కూడా ఇచ్చాడు. ఆ వారమే కుందేళ్లు, చిలకలు చూసే డాక్టర్ ఒకాయన్ని వెతికి పట్టుకున్నాం. ఆయన ఈ సలహాలన్నిటినీ ఒక్కొక్కటిగా కొట్టేశారు. కుందేలు పాదానికి కుక్క, పిల్లిలాగా మెత్తటి దిండు ఉండదు, బొచ్చే ఉంటుంది. జాలీ మీద నిలబెడితే మడమలు పుళ్లు పడతాయి. కాబట్టి జాలీ మీద ప్లైవుడ్ ముక్క వేసి, దానిపైన పాత చాప పరిచాం. ఇక స్నానం మాటే ఎత్తొద్దన్నారు. ఆ దట్టమైన బొచ్చు ఆరడానికి గంటలు పడుతుంది. ఒళ్లు చల్లబడిపోవచ్చు. బెదిరి గట్టిగా తన్నుకుంటే వెన్నెముక విరిగిన కేసులు కూడా ఉన్నాయట.

చివర్లో ఇంకో మాట చెప్పారు. "వీటిల్లో ఒకటి మగదమ్మా." అమ్మినతనికి ఫోన్ చేస్తే, తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్నట్టు, "అదెలా కుదురుతుంది మేడం, నేను చూసే ఇచ్చాను" అంటూ కూర్చున్నాడు. కుందేలు నెల రోజుల్లో ఈనుతుంది. అతనితో వాదిస్తూ కూర్చుంటే ఇల్లు నిండిపోతుందని ఆ సాయంత్రమే రెండిటినీ వేరు చేశాం.

ఇక ఉచ్చ పోసే ట్రే సంగతి. నేను ట్రేని బాల్కనీ తలుపు పక్కన పెడదామనుకున్నాను, కడగడానికి వీలుగా ఉంటుందని. డాక్టర్ గారు వద్దన్నారు. "మీకు నచ్చిన చోట పెట్టి దాన్ని రమ్మనకండి. అది ఎక్కడ పోస్తుందో నాలుగు రోజులు చూడండి. ట్రేనే అక్కడికి తీసుకెళ్లండి." కుందేలు సహజంగానే ఒక మూల ఎంచుకుని అక్కడే పోస్తుంది. ఈ అలవాటుని మనం నేర్పక్కర్లేదు, చెడగొట్టకుండా ఉంటే చాలు. బొగ్గు తన చోటులో గోడవైపు మూలకి వెళ్లేవాడు. మల్లి మాత్రం సోఫాకీ టీవీ స్టాండుకీ మధ్య సందు పట్టింది. చుట్టాలొస్తే కూర్చునేది అక్కడే. అయినా ట్రే అక్కడే పెట్టాం.

దుకాణాల్లో పిల్లుల కోసం అమ్మే ట్రేలు కుందేలుకి చిన్నవి. దాంట్లో కుందేలు కూర్చుంటే వెనక భాగం బయటే ఉంటుంది, పోసిందంతా నేల మీదికే. నేను బట్టలు నానబెట్టే వెడల్పాటి టబ్బు తీసుకున్నాను. ఒక పక్కన గోడని వేడి చేసిన చాకుతో కిందికి కోసి, అంచు గుచ్చుకోకుండా టేపు అంటించాను.

లోపల ఏం వేయాలన్న దగ్గర కొంచెం జాగ్రత్త కావాలి. తడి తగలగానే ముద్దకట్టే పిల్లుల ఇసుక అస్సలు వద్దు. కుందేలు దాన్ని కొరికి మింగితే కడుపులో కూడా అలాగే ముద్దకడుతుంది. టింబర్ డిపో నుంచి రంపపు పొట్టు తెస్తానని మా ఆయన బయల్దేరబోతే ఆపాను. పైన్, దేవదారు లాంటి కర్రల పొట్టు వాసన వీటికి పడదు. డిపోలో ఏ కర్ర పొట్టు దేంట్లో కలిసిందో ఎవరికి తెలుసు? చివరికి అడుగున నాలుగు పొరల పాత న్యూస్‌పేపర్, దానిమీద పలచగా కర్రపొడిని నొక్కి చేసిన గుళికలు, ఆ పైన ఎండుగడ్డి. గుళికలు సువాసనలేవీ కలపనివి తీసుకోవాలి. ఉచ్చ తగిలితే అవి పొడిగా విడిపోతాయి, వాసనని చాలావరకు పట్టేసుకుంటాయి.

మొత్తం వ్యవహారంలో గడ్డిదే పెద్ద పాత్ర. కుందేళ్లు తింటూనే పెంటికలు వేస్తాయి. గడ్డి ఒకచోట, ట్రే ఇంకోచోట పెడితే గడ్డి దగ్గరే అన్నీ రాలిపోతాయి. అందుకే తినే గడ్డిని కూడా ట్రే లోపలే, ఒక చివర కుప్పగా పెట్టాను. తినాలంటే ట్రేలోకి ఎక్కి కూర్చోవాల్సిందే. మల్లి దీన్ని ఎంత తొందరగా పట్టేసిందో చూస్తే ఆశ్చర్యమేసింది. ఒక్క దూకుతో లోపలికి వస్తుంది. గిర్రున తిరిగి వెనక భాగాన్ని మూలకి ఆనిస్తుంది. తోక కొంచెం పైకి లేపి, కాసేపు ఎటూ చూడకుండా అలా ఉండిపోతుంది. ఆ పని అవగానే మెడ చాచి ఒక గడ్డిపోచ లాగుతుంది. దవడ గబగబా ఆడుతుంటే పోచ నోట్లోకి పోతూ పోతూ కురచవుతుంది, వెనక్కాల పెంటికలు టపటపా రాలుతుంటాయి. "తినేచోటే చేస్తుందేంటే, ఛీ" అని అత్తయ్య గొణిగారు గానీ, హాల్లో ఊడ్చే పని తగ్గాక ఇంకేం అనలేదు.

మొదట్లో ఇల్లంతా వదల్లేదు. మడతపెట్టే జాలీ కంచె కొని హాల్లో ఒక మూల మంచమంత చోటు కట్టాం. అక్కడ ట్రే అలవాటు కుదిరాక కొంచెం కొంచెం జరిపాం. అలవాటు తప్పితే మళ్లీ చోటు తగ్గించాం. వంటగది, పూజగది మాత్రం ఎప్పటికీ లేవు. "గడప దాటితే ఊరుకోను" అని అత్తయ్య పూజగది గుమ్మానికి అడ్డంగా పీట కూడా పెట్టేశారు. బయట పోసినప్పుడు టిష్యూతో అద్ది, ఆ టిష్యూనే ట్రేలో పడేసేదాన్ని. బయట దొరికిన పెంటికలు కూడా ట్రేలోకే. ఆ వాసనే దానికి గుర్తు. పాప మొదట్లో "ఏయ్ మల్లీ!" అని అరిచేది. అరిస్తే అది మననుంచి పారిపోవడం నేర్చుకుంటుంది గానీ ట్రేలోకి వెళ్లడం నేర్చుకోదు.

నేల తుడవడంలో మా పనమ్మాయికీ నాకూ కొంతకాలం పడలేదు. "ఫినాయిలు పోస్తే గానీ పోదమ్మా" అనేది తను. ఆ ఘాటు కుందేళ్ల ముక్కుకి మంచిది కాదు. బ్లీచింగ్ అయితే ఇంకా ప్రమాదం. ఉచ్చలో ఉండే అమ్మోనియాతో కలిస్తే విషవాయువు పుడుతుంది. తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి స్ప్రే సీసాలో పోసి ఇచ్చాను. కుందేళ్లు ఒంట్లో ఎక్కువైన కాల్షియాన్ని ఉచ్చ ద్వారానే బయటికి పంపేస్తాయి. అందుకే టబ్బు అడుగున సున్నంలాంటి తెల్లటి పొర పేరుకుంటుంది. ఎంత సబ్బుతో రుద్దినా కదలదు, వెనిగర్ పోసి అరగంట ఉంచితే గీకగానే ఊడొస్తుంది. మాది టైల్స్ నేల కాబట్టి సరిపోయింది. తాండూరు బండలో, షాబాదు బండలో, పాలరాయో ఉన్న ఇళ్లలో వెనిగర్ వాడకండి. అవి కూడా సున్నపు జాతి రాళ్లే, మెరుపు పోయి మచ్చలు పడతాయి. అక్కడ మామూలు సబ్బునీళ్లు మేలు.

ఒకరోజు పొద్దున్నే అత్తయ్య కేక. "అమ్మాయ్, దీనికి రక్తం పోతోందే!" పేపర్ మీద నిజంగానే నారింజ, ఎరుపు కలిసిన మరక. టెన్షన్‌తో డాక్టర్ దగ్గరికి పరుగెత్తాం. ఉచ్చలో పరీక్ష స్ట్రిప్ పెట్టి చూస్తే రక్తం లేదు. తిన్న ఆకుల్లోని రంగుల వల్ల ఒక్కోసారి అలా వస్తుందట. ముక్కుతూ చుక్కచుక్కగా పోసినా, మామూలు రంగు ఉచ్చలో రక్తపు చారలు కనిపించినా ఆగకుండా తీసుకురమ్మన్నారు.

నాలుగో నెల దాటాక బొగ్గు అసలు రూపం బయటపడింది. మన కాళ్ల చుట్టూ గిరగిరా తిరగడం, గుర్రు గుర్రుమనడం, ఉన్నట్టుండి ఎగిరి పిచికారీ కొట్టడం. గోడకి, సోఫాకి, ఒకసారి నా చీరకి కూడా. ఈ వయసులో ఎంత మంచి ట్రే పెట్టినా లాభం లేదు, ఇది హార్మోన్ల పని. ఆపరేషన్ చేయించడమే దారి. ఆడవాటికి చేయించకపోతే పెద్దయ్యాక గర్భసంచి క్యాన్సర్ వచ్చే అవకాశం బాగా ఎక్కువ, కాబట్టి ఇద్దరికీ చేయించాలనే నిర్ణయించుకున్నాం. ఊళ్లో పెట్ క్లినిక్‌లు చాలానే ఉన్నాయి గానీ కుందేళ్లకి తరచూ మత్తిచ్చి ఆపరేషన్ చేసేవాళ్లు తక్కువ. ఎవరినైనా అడిగేటప్పుడు నేను వాడిన చిట్కా ఒకటుంది. "ముందురోజు రాత్రి నుంచి కడుపు మాడ్చాలా?" అని అడగండి. అవునంటే మర్యాదగా వచ్చేయండి. కుందేలుకి వాంతి రాదు కాబట్టి కుక్కలకి చేసినట్టు పస్తుంచే అవసరమే లేదు. పైగా తిండి ఆగితే పేగులు కూడా ఆగిపోతాయి. మా డాక్టర్ గారైతే తినే గడ్డి కూడా వెంట తెమ్మన్నారు.

బొగ్గు ఆ సాయంత్రమే కొత్తిమీర తిన్నాడు. మల్లికే కష్టమైంది. కోత పెద్దది, తిండి ముట్టలేదు, నానబెట్టిన పెల్లెట్లని, అంటే కుందేళ్ల మేత గుళికల్ని, మెత్తగా చేసి సిరంజితో పక్క పళ్ల సందులోంచి కొంచెం కొంచెం పెట్టాల్సి వచ్చింది. ఆపరేషన్ తర్వాత కూడా మగదాన్ని దాదాపు 6 వారాలు వేరుగానే ఉంచాలి, అప్పటిదాకా పిల్లలు పుట్టే అవకాశం ఉంటుంది. ఆ లోపు పిచికారీ దానంతటదే తగ్గింది. రెండిటి మధ్య కంచె ఉన్నన్నాళ్లూ సరిహద్దు పొడుగునా పెంటికలు వరస కట్టేవి, ఇదంతా నాదంటే నాదని. రెండిటికీ పాతవాసన లేని బాత్‌రూం నేల మీద రోజూ కాసేపు కలిపి, జత కుదిరాక కంచె తీసేస్తే ఆ గొడవా పోయింది.

ఒంటి శుభ్రం దగ్గర మళ్లీ తిండికే రావాలి. కుందేళ్లు రెండు రకాలు వేస్తాయి. ఒకటి ఈ గట్టి పెంటికలు. రెండోది మెత్తగా, నల్లగా, చిన్న గుత్తిలా ఉంటుంది. దాన్ని ఎక్కువగా తెల్లవారుజామున, నేరుగా వెనకనుంచే నోటితో అందుకుని తినేస్తాయి. అందులో వాటికి కావలసిన విటమిన్లు, మాంసకృత్తులు ఉంటాయి. అది మనకి కనిపించకపోవడమే ఆరోగ్యం. మల్లి మాత్రం దాన్ని తినకుండా వదిలేసేది, వెనక బొచ్చుకి అంటుకుని ముద్దలు కట్టేది. ఆ వాసన మాత్రం భరించలేం. కారణం ఆ రంగుల గింజలు, పాప ముద్దుకొద్దీ పెట్టే అరటిపండు, క్యారెట్. అవన్నీ మాన్పించి, పెల్లెట్లు రోజుకి ఒక చెంచాన్నరకి దించి, ఎండుగడ్డి ఎంత తింటే అంత వేశాం. కొత్తిమీర, పుదీనా కాడలతో సహా పెడతాం. టిమోతీ గడ్డి విదేశాల నుంచి రావాలి, ధర చురుక్కుమంటుంది. అందుకని ఓట్ గడ్డితో కలిపి వాడుతున్నాను. వినాయక చవితికి బజారంతా గరికే కదా, కడిగి నీడన ఆరబెట్టి అదీ పెడతాను. వరిగడ్డి అయితే పరుపుకి పనికొస్తుంది గానీ దాన్నే తిండిగా పెడితే బలం చాలదు.

తిండి మారాక మల్లి వెనక భాగం దానంతటదే శుభ్రపడింది. అప్పటికే అంటుకున్నదాన్ని తీయడానికి ఒళ్లో తువ్వాలు వేసి కూర్చోబెట్టి, కార్న్‌ఫ్లోర్ చల్లి, వేళ్లతో విడదీసి, సన్న దువ్వెనతో దువ్వాను. మరీ మొండిగా ఉంటే గోరువెచ్చని నీళ్లతో ఆ భాగం వరకే తడిపి, వెంటనే పొడిగా తుడిచాను. వానాకాలంలో ఈ తనిఖీ రోజూ చేయాలి. మురికి బొచ్చులో ఈగలు గుడ్లు పెడితే ఒక్కరోజులో పురుగులు పడి కుందేలు ప్రాణానికే వస్తుంది. ఎండాకాలంలో నీళ్లు ఎక్కువ తాగుతాయి, ఉచ్చా ఎక్కువే. ట్రే రెండు పూటలా మార్చకపోతే అమ్మోనియా కళ్లలోకి కొడుతుంది. నీళ్ల సీసాని గడ్డకట్టించి గుడ్డ చుట్టి పక్కన పెడితే దానికి ఆనుకుని పడుకుంటాయి.

పెంటికలేమీ వృథా పోవు. ఎరువుగా మురగబెట్టక్కర్లేకుండా నేరుగా కుండీల్లో వేసుకోవచ్చు. మా తులసికి, కరివేపాకుకి పోగా మిగిలింది కింద ఫ్లాట్ ఆంటీ పట్టుకెళతారు. పాప మంచం మాత్రం మల్లి, బొగ్గు ఇప్పటికీ తమదే అనుకుంటారు, మెత్తగా ఉన్నదాని మీద పోయడం పూర్తిగా మానలేదు. ఆ గది తలుపు మూసే ఉంచుతాం.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఆ ఆంటీకే అప్పజెప్పి వెళ్లాం. గడ్డి, నీళ్లు, ట్రే అన్నీ చూపించాను. చివరికి "రోజూ పొద్దున ట్రే ఫొటో వాట్సాప్‌లో పెట్టండి ఆంటీ" అంటే ఆవిడ పగలబడి నవ్వారు. పెంటికలు చిన్నవైనా, తగ్గినా పేగులు మందగించాయని అర్థమని, పన్నెండు గంటలు తినకుండా, వేయకుండా ఉంటే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలని చెప్పాక నవ్వు ఆపి డాక్టర్ నంబర్ రాసుకున్నారు. భోగి రోజు పొద్దున మంటల ఫొటోలు, ముగ్గుల ఫొటోలు వస్తున్న ఫోన్‌లో మా ట్రే ఫొటో కూడా వచ్చింది. కింద ఆవిడే రాశారు, "నిన్నటికంటే ఎక్కువే ఉన్నాయమ్మా, నిశ్చింతగా ఉండు."