తొర్ర చింత ఉంది, పచ్చటి వేపను కొట్టించాం

కడపలో మా ఇంటి వెనక రెండు పెద్ద చెట్లుండేవి. ఒకటి చింత, దాని తొర్రలో చెయ్యి పెడితే భుజం దాకా పోతుంది. రెండోది వేప, గుబురుగా, వంక పెట్టడానికి లేకుండా ఉండేది. మే నెలలో ఈదురుగాలి లేస్తే ఇంటిల్లిపాదికీ టెన్షన్ చింత గురించే.

ఒక వానాకాలం వేప మొదట్లో, నేలకు జానెడు ఎత్తున, అప్పచ్చి లాంటిది ఒకటి పుట్టుకొచ్చింది. పైన లక్క పూసినట్టు ఎర్రగా నిగనిగలాడుతోంది, అంచు తెల్లగా ఉంది, చుట్టుపక్కల ఆకుల మీదంతా సీకాయ పొడి చల్లినట్టు గోధుమరంగు దుమ్ము. పారతో కొట్టి పారేసి పని అయిపోయిందనుకున్నా. మరుసటేడు మూడు వచ్చాయి. "యాపమానుకు లోపల ఏందో అయింది, ఎవరికన్నా చూపించురా" అని అవ్వ నా వెంటపడింది.

అటవీ శాఖలో చేసి రిటైరైన మామ ఒకాయన కొయ్య సుత్తి, సన్నటి ఇనుప చువ్వ తీసుకొని వచ్చాడు. నేను నేరుగా చింత దగ్గరికి తీసుకుపోయా. ఆయన చుట్టూ కొట్టి విని, తొర్ర అంచున గోడ మందం కొలిచాడు. చుట్టుకొలత 90 అంగుళాలు, అంటే మధ్య నుంచి అంచుకు 14 పైచిలుకు, గోడ 7. ఆ 14లో మూడో వంతు గట్టి కట్టె చుట్టూరా ఉంటే మామూలుగా భయం లేదట. లోపలిది ఎటూ చచ్చిన చేవే, అది పోయినా గొట్టం నిలబడినట్టు నిలబడుతుందన్నాడు. మేస్త్రీ చెప్పినట్టు తొర్రలో సిమెంటు పోయిద్దామా అంటే తిట్టాడు, తేమ లోపలే ఉండి ఇంకా కుళ్లుతుందని.

వేప దగ్గర మాత్రం సుత్తి కూడా తియ్యలేదు. "గానోడెర్మా ఇది, కట్టెను కుళ్లించే పుట్టగొడుగు. కొబ్బరి తోటలోళ్లను అడుగు, చెప్తారు" అంటూ మట్టి తవ్వించాడు. మణికట్టంత వేరు, తడిసిన పీచులా తెల్లగా చేతికే ఊడొచ్చింది. పక్కనే చువ్వ పెడితే మూరెడు దిగింది. నాలుగేళ్ల కింద బోరు పైపు కోసం ఆ పక్క వేర్లు నరికింది నేనే, గడ్డపారతో. గాయంలోంచే లోపలికి పోయుంటుందన్నాడు. మనకు కనపడే పుట్టగొడుగు కాయ లాంటిదే, అసలుది కట్టెలో ఉంటుంది, కాబట్టి నేను పారతో కొట్టి ఏమీ సాధించలేదు.

"మరి ఆకులు ఇంత పచ్చగా ఉన్నాయే మామా?"

"నీళ్లు తాగే సన్న వేర్లు అవతల పక్కన ఉన్నాయిలే. మాను నిలబెట్టే లావు వేర్లు పోయినాయి."

చెట్టు ఒరిగి ఉన్నది పక్కింటి వంటగది వైపే.

సొంత స్థలమైనా చెట్టు కొట్టాలంటే వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద అనుమతి అడగాలి, అది 2002 నుంచీ ఉంది. ఫోటోలు, కవర్లో ఆ వేరు ముక్క పట్టుకొని ఆఫీసుకు మూడుసార్లు తిరిగా. పచ్చగుండే చెట్టు ఎందుకు కొడతారు అని ఒకటే ప్రశ్న. కోపమొచ్చింది కానీ, నేను మామను అడిగింది కూడా అదే కదా. చివరికి ఒకాయన ఇంటికొచ్చి చువ్వ తనే గుచ్చి చూసుకొని, మారు మాట్లాడకుండా సంతకం పెట్టాడు.

మొదలు కుళ్లిన చెట్టు ఎక్కేది లేదని కూలీలు చెప్పేశారు, వాళ్లదే న్యాయం. క్రేన్ తెప్పించి పైనుంచి ముక్కలు ముక్కలుగా దించారు, ఖర్చు అనుకున్నదానికి రెట్టింపైంది. నడుమెత్తులో కోసిన దుంగ చూసి పక్కింటన్న "బంగారమట్లా ఉంది గదప్పా, అనవసరంగా కొట్టిస్తిరే" అన్నాడు. నాకూ గుండె జారింది. నేల దగ్గర కోశాక చూస్తే, పైపు పక్క సగం మెత్తగా, వేలు పెడితే దిగుతోంది. అన్న తన వంటగది వైపోసారి చూసి ఊరుకున్నాడు.

ఈ వానలకు మొద్దు మీద అయిదు అప్పచ్చులు లేచాయి. మొద్దు తవ్వించి దొరికిన వేర్లన్నీ ఏరిస్తున్నాం, ఆ గుంటలో మళ్లీ చెట్టు పెట్టొద్దని మామ గట్టిగా చెప్పి పోయాడు. అవ్వ మాత్రం అప్పటికే దొడ్డి అవతలి మూలన ఒక యాప మొలక చుట్టూ ఇటుకలు పేర్చి పెట్టింది.