ఎత్తైన కప్పు, కొద్ది గంటల ఆరాధన

నల్లగొండలో చర్చికి హీటరు కావాలని ఎవరైనా అంటే నవ్వి ఊరుకుంటాం; క్రిస్మస్ అర్ధరాత్రి ఆరాధనకు సైతం ఒక శాలువా చాలు. అయినా కొంతకాలంగా ఇంగ్లండ్ చర్చిల హీటింగ్ గురించి శ్రద్ధగా చదువుతున్నాను. వచ్చే వేసవికి మందిరంలో ఏసీలు పెట్టించాలని మా సంఘ పెద్దలు ఆలోచిస్తున్నారు, ఆ చదువు ఇక్కడ అక్కరకొస్తుందని నా నమ్మకం.

చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ పాలక సభ అయిన జనరల్ సినడ్ 2020 ఫిబ్రవరిలో, 2030 కల్లా తమ కర్బన ఉద్గారాలను నికర సున్నాకు, అంటే వీలైనంత తగ్గించి మిగిలినదాన్ని మరోచోట భర్తీచేసే స్థాయికి, తేవాలని తీర్మానించింది. అక్కడి చర్చిలు వాడే ఇంధనంలో పెద్ద వాటా హీటింగ్‌దే. గ్యాస్ బాయిలర్ల పుణ్యాన వేడెక్కిన గాలి తేలికై నేరుగా కప్పు కిందికి చేరుతుంది, బల్లల మీద కూర్చున్నవాళ్ల పాదాలు మాత్రం చల్లగానే ఉంటాయి. వారానికి కొద్ది గంటలు వాడే అంత పెద్ద కట్టడంలో గాలినంతా వేడిచేయడం దండగని గ్రహించి, ఇప్పుడు చాలాచోట్ల బల్లల కింద చిన్న ఎలక్ట్రిక్ హీటర్లు అమర్చుకుంటున్నారు. బయటి గాలిలోనో నేలలోనో ఉన్న వేడిని లోపలికి తోడే హీట్ పంపు ఒక యూనిట్ కరెంటుతో సుమారు మూడు యూనిట్ల వేడిని ఇస్తుంది గాని, నిదానంగా పనిచేస్తుంది కనుక రోజూ తెరిచి ఉండే చర్చిలకే ఎక్కువ నప్పుతుంది. బాత్ నగరంలోని పాత చర్చి బాత్ అబ్బే అదృష్టం వేరు: పక్కనున్న రోమన్ స్నానఘట్టాల నుంచి వృథాగా పోయే వేడినీటి ఊటే ఆ చర్చి నేలను వెచ్చబరుస్తోంది.

ఇక మా మందిరం సంగతి. మందమైన రాతి గోడలు, ఎత్తైన స్లాబు. పై వరుస వెంటిలేటర్లను పావురాల బాధ పడలేక ఎప్పుడో ప్లైవుడ్ ముక్కలతో మూసేశారు. ఆ ముక్కల మీదుగానే ఇప్పుడు ట్యూబ్‌లైట్ల వైర్లు క్లిప్పులతో బిగించి ఉన్నాయి. మే నెలలో వాక్యోపదేశం ముగిసే వేళకు పైకి చేరిన వేడిగాలి బయటికి పోయే దారిలేక అక్కడే నిలిచి, స్లాబు సెగతో కలిసి నెత్తిన దిగుతుంది. వారమంతా తలుపులు మూసి ఉన్న ఇంత పెద్ద హాలును ఆదివారం పూట ఏసీలతో చల్లబరచాలంటే కనెక్షన్ లోడు పెంచుకోవాలి, దానితో ఫిక్స్‌డ్ చార్జీ నెలనెలా కట్టాలి. అదంతా కానుకల డబ్బే. టన్నున్నర ఏసీ ఒక్కటి తీసుకునే కరెంటుతో తక్కువ కరెంటుతో నడిచే ముప్పై వాట్ల బీఎల్‌డీసీ రకం ఫ్యాన్లు నలభై దాకా తిరుగుతాయి.

అందుకే నేను అడిగేది, ప్లైవుడ్ తీసేసి ఇనుప జాలీలు బిగించమని, స్లాబుకు తెల్లపూత వేయించమని, వేసవి ఆరాధనను ఉదయం ఏడున్నరకు జరపమని. తెల్లని కప్పు ఎండను తిప్పికొట్టి లోపలి వేడిని రెండు మూడు డిగ్రీలు తగ్గించగలదు. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇందుకే. పక్క సంఘంలో ఏసీలు చూసి మన యువకులు అటు పోతున్నారన్న పెద్దల దిగులు నాకు అర్థమవుతుంది, కానీ వాళ్లు వెళ్లింది అక్కడి పాటల కోసమేమోనని నా అనుమానం. పసిపిల్లల తల్లులు, వృద్ధులు కూర్చునే పక్కగదికి ఒక ఏసీ పెడితే మాత్రం నాకు అభ్యంతరం లేదు. ఎండలు ముదిరాక వేసిన సున్నం సరిగా పట్టక పెచ్చులూడుతుంది కనుక, స్లాబు పని ఫిబ్రవరిలోనే పెట్టుకోవాలి.