ఇస్కా కోటలో ఎర్ర పెంకులు

దక్షిణ వేల్స్‌లోని న్యూపోర్ట్ నుంచి బస్సులో వెళ్లి, ఉస్క్ నది ఒడ్డునున్న కేర్లియన్‌లో దిగేసరికి సన్నని జల్లు పడుతోంది. క్రీ.శ. 75 ప్రాంతంలో రోమన్ల రెండవ అగస్టా లీజియన్ అనే పెద్ద సైనిక దళం ఇక్కడ ఇస్కా అనే పేరుతో స్థావరం కట్టుకుంది. చాలామంది ఇక్కడి యాంఫీథియేటర్ కోసం వస్తారు. నేను వచ్చింది పెంకుల కోసం.

మ్యూజియంలో ఒక పెంకు ముక్క దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. దాని మీద లీజియన్ పేరును పొడి అక్షరాలలో తెలిపే ముద్ర ఉంది. మట్టి పచ్చిగా ఉన్నప్పుడే నొక్కడం వల్ల అంచులు కాస్త ఉబ్బి, ముద్ర ఒకవైపు లోతుగా, మరోవైపు పైపైన పడింది. యుద్ధం లేని రోజుల్లో సైనికులే మట్టి తొక్కి, అచ్చుపోసి, బట్టీలో కాల్చేవారన్న మాట ఆ వంకర ముద్రను చూశాక నాకు కళ్లకు కట్టింది. కొన్ని ముద్రల్లో 'ఆంటోనినియానా' అన్న బిరుదు కూడా సంక్షిప్తంగా కనిపిస్తుంది. అది 3వ శతాబ్దం తొలినాళ్లలో కారకల్లా చక్రవర్తి పేరు మీదుగా వచ్చినది గనుక, ఆ పెంకును కాల్చిన కాలం కొద్ది సంవత్సరాల తేడాతో తెలిసిపోతుంది. అయితే అది కప్పిన కట్టడం వయసు కూడా అంతేనని చెప్పలేం. పాత పెంకులు దించి మరో కప్పుకు వాడుకోవడం ఎక్కడైనా ఉన్నదే.

కప్పు వేసే పద్ధతి మనవాళ్లకు సులువుగా అర్థమవుతుంది. రెండు అంచులూ పైకి లేచిన బల్లపరుపు టెగ్యులాలను పక్కపక్కనే పరచి, వాటి మధ్య సందు మీద మన గూన పెంకును పోలిన ఇంబ్రెక్స్‌ను బోర్లించేవారు.

స్నానశాలలో వేడి గదుల నేలను సుమారు 20 సెంటీమీటర్ల చదరపు ఇటుకలు పేర్చిన పొట్టి స్తంభాల మీద నిలిపేవారు. పొయ్యి నుంచి వచ్చే వేడిగాలి ఆ స్తంభాల మధ్య తిరిగి, గోడల్లో అమర్చిన బోలు పెంకుల గుండా పైకి పోయేది. గిలాబు పట్టుకోవడానికి వాటి ముఖాన దువ్వెనతో గీసినట్లు గీతలు పెట్టేవారు. గోడలో కలిసిపోయి ఎవరికీ కనిపించని ఆ గీతల్లో ఉన్న శ్రద్ధ నన్ను కదిలించింది.

పెంకు పగిలినా పారేయలేదు. దంచి సున్నంలో కలిపితే తేమకు తట్టుకునే గులాబీరంగు గచ్చు తయారయ్యేది; మన పాత మేస్త్రీలు సున్నంలో సుర్కీ, అంటే ఇటుక పొడి, కలిపినదీ అందుకే. బయటికి వచ్చేసరికి జల్లు ఇంకా ఆగలేదు.