ఆ అర్థానికి సరిపోయే ఇంగ్లీష్ మాట దొరకాలంటే

ఇంగ్లీష్‌లో ఏదో రాస్తూ రాస్తూ ఒక చోట ఆగిపోతాం. చెప్పాలనుకున్నది మనసులో స్పష్టంగానే ఉంటుంది, దానికి సరిగ్గా ఒక మాట ఉందనీ అనిపిస్తుంది, అది మాత్రం ఎంతకీ తట్టదు. అప్పుడు చాలామంది చేసే పని, దగ్గర్లో ఉన్న మాట ఒకటి పట్టుకుని దాని సినానిమ్స్ వెతకడం, వచ్చిన జాబితాలో కాస్త బరువుగా కనబడ్డదాన్ని తీసి పెట్టేయడం. ఈ పద్ధతి నాకు అస్సలు నచ్చదు. ఆ మాటలన్నీ ఒకదానికొకటి చుట్టాలని మాత్రమే ఆ జాబితా చెబుతుంది, వాటిలో ఏది ఎలాంటిదో చెప్పదు.

ఒక్క ఉదాహరణ తీసుకుందాం. 'తక్కువ మాట్లాడే మనిషి' అని రాయాలి. జాబితాలో టాసిటర్న్, రెటిసెంట్, లకానిక్, టెర్స్, కర్ట్ అన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి, కానీ ఒకదాని చోట ఇంకొకటి పెడితే మనిషే మారిపోతాడు. టాసిటర్న్ అంటే స్వభావం, ఆ మనిషికి మాట్లాడటం మీదే పెద్దగా ఇష్టం ఉండదు. రెటిసెంట్ అలా కాదు, మిగతా విషయాలు బాగానే మాట్లాడొచ్చు, తన గురించో తన మనసులో ఉన్నదాని గురించో అడిగితే మాత్రం బయటపెట్టడు. (దీన్ని ఇప్పుడు చాలామంది రిలక్టెంట్, అంటే ఇష్టం లేక వెనకాడే, అనే అర్థంలో వాడేస్తున్నారు, కొన్ని డిక్షనరీలు ఆ అర్థాన్నీ ఇస్తున్నాయి, నేను మాత్రం వాడను. రెండు వేర్వేరు పనులు చేసే మాటలు ఉన్నప్పుడు వాటిని కలిపేసి ఒకటి పోగొట్టుకోవడం ఎందుకు?) కర్ట్ అన్నామంటే ఎదుటివాళ్లకి చురుక్కుమనేలా ముక్తసరిగా జవాబిచ్చాడని, అందులో మర్యాద లేదని. టెర్స్ ఎక్కువగా మాట తీరుకీ రాతకీ వాడతారు. మెచ్చుకోలుగానూ ఉండొచ్చు, విసుగునూ సూచించొచ్చు, అది చుట్టూ ఉన్న వాక్యాన్ని బట్టి తేలుతుంది.

ఇక లకానిక్ వీటన్నిటికంటే అందమైన మాట. పాతకాలపు గ్రీసులో స్పార్టా అనే నగరం ఉన్న ప్రాంతం పేరు లకోనియా, అక్కడివాళ్లు పొదుపుగా మాట్లాడతారని గ్రీకుల్లో పేరు. మాసిడోనియా రాజు ఫిలిప్ 'నేను గనక మీ దేశంలో అడుగుపెడితే మిమ్మల్ని నాశనం చేస్తాను' అని కబురు పంపితే, వాళ్లు తిరిగి పంపిన జవాబు 'అడుగుపెడితే' అన్న ఒక్క ముక్కేనని కథ. అంటే మాటలు తక్కువే, కానీ తగలాల్సిన చోట తగులుతాయి. సిగ్గుతో మాట పెగలని మనిషిని లకానిక్ అంటే అర్థమే తలకిందులైపోతుంది.

అందుకే నేను చెప్పేది, మాట కోసం వెతికే ముందు అర్థాన్ని మీకు బాగా వచ్చిన భాషలో ఒక పూర్తి వాక్యంగా రాసుకోండి. తర్వాత ఆ వాక్యాన్నే ప్రశ్నించండి. ఇది ఆ మనిషి స్వభావమా, ఆ రోజుకి అలా ఉన్నాడా? కావాలని చేశాడా, జరిగిపోయిందా? రాస్తున్న నేను మెచ్చుకుంటున్నానా, తప్పుపడుతున్నానా? 'వెనకాడాడు' అని రాసుకున్నారనుకోండి, ఎందుకు వెనకాడాడు? ఏం చేయాలో తేల్చుకోలేక అయితే హెసిటెంట్, చేయడం ఇష్టం లేక అయితే రిలక్టెంట్. ఇష్టం లేకపోయినా చివరికి చేసినవాడికి కూడా రిలక్టెంట్ సరిపోతుంది. ఇంత తేల్చుకున్నాక సగం మాటలు వాటంతటవే పక్కకి తప్పుకుంటాయి.

అర్థం నుంచి మాటకి వెళ్లే దారి కొత్తదేం కాదు. పీటర్ మార్క్ రోజెట్ అనే డాక్టర్ 1805లోనే తన సొంత రాతల కోసం మాటల్ని భావాల వారీగా వర్గీకరించి పెట్టుకున్నాడు, దాన్నే పెంచి 1852లో, డెబ్బై దాటాక, థెసారస్‌గా అచ్చు వేయించాడు. అందులో మాటలు ఏ, బీ, సీ వరసలో ఉండవు, భావాల కింద గుంపులుగా ఉంటాయి. ఇప్పుడైతే రివర్స్ డిక్షనరీలు ఉన్నాయి. వన్‌లుక్ లాంటి దాంట్లో అర్థాన్ని టైప్ చేస్తే మాటలు వస్తాయి, మొదటి అక్షరం గుర్తుంటే అదీ ఇవ్వొచ్చు.

మొదటి అక్షరం తడుతోంది, మాట రావడం లేదు అనే స్థితి ఊహ కాదు. 1966లో రోజర్ బ్రౌన్, డేవిడ్ మెక్‌నీల్ అనే ఇద్దరు సైకాలజిస్టులు దీన్ని పరీక్షించారు. అరుదైన మాటల అర్థాలు చదివి వినిపించి మాట చెప్పమన్నారు. మాట నాలుక చివర ఆడుతోంది కానీ రావట్లేదు అన్నవాళ్లు, సగానికి పైగా సందర్భాల్లో మొదటి అక్షరం సరిగ్గానే చెప్పగలిగారు. కాబట్టి తట్టిన అక్షరాన్ని కొట్టిపారేయకండి.

మాట దొరికాక ఇంకో పని మిగిలే ఉంటుంది, దాన్నే ఎక్కువమంది వదిలేస్తారు. ఆ మాట మామూలుగా ఏ మాటల పక్కన కూర్చుంటుందో చూడాలి. వానకి హెవీ, గాలికి స్ట్రాంగ్. రెండూ 'గట్టిగా' అన్న అర్థంలోనే అయినా స్ట్రాంగ్ రెయిన్ అంటే చదివేవాళ్లకి ఎక్కడో తేడా కొడుతుంది. కాజ్ అనే మాట చూడండి, అర్థం వరకు 'కలిగించు', అంతే, మంచీ లేదు చెడూ లేదు. వాడుకలో మాత్రం దాని పక్కన ప్రాబ్లమ్, డ్యామేజ్, డిలే, పెయిన్ ఇలాంటివే ఎక్కువగా కనిపిస్తాయి. అందుకని ఒకరి రాక మీకు సంతోషం కలిగించిందని చెప్పడానికి కాజ్ వాడితే గ్రామర్ తప్పేం ఉండదు, కానీ వాక్యం ఫిర్యాదులా వినబడుతుంది. ఇది మామూలు డిక్షనరీ అర్థంలో తెలియదు. కొలొకేషన్స్ డిక్షనరీ చూడాలి, లేదంటే ఆ మాట ఉన్న వాక్యాలు ఒక ఇరవై వరసగా చదవాలి. చాట్‌బాట్‌ని అడిగినా 'మాట చెప్పు' అని కాకుండా 'ఈ రెండిటికీ తేడా ఏంటి, ఒక్కోదానికి నాలుగు వాక్యాలు ఇవ్వు' అని అడగండి, వచ్చినదాన్ని డిక్షనరీతో సరిచూసుకోండి.

ఇంత చేసినా కొన్నిసార్లు ఒక్క మాట దొరకదు, దొరకాలని పట్టుబట్టక్కర్లేదు కూడా. మన ఎల్లుండికి ఇంగ్లీష్‌లో డే ఆఫ్టర్ టుమారో అని మూడు మాటలు కావాలి. ఓవర్‌మారో అని ఒక పాత మాట ఉండేది, ఎప్పుడో వాడుకలోంచి పోయింది. మీటింగ్ ఎల్లుండి అని మెయిల్ రాసేటప్పుడు ఆ మూడు మాటలే రాయండి, ఓవర్‌మారో అని రాస్తే ఎవరూ రారు.