లేన్ గీసిన వెలుతురు

బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో అమెరికన్ చిత్రకారుడు ఫిట్జ్ హెన్రీ లేన్ 1862లో వేసిన 'ఔల్స్ హెడ్' అనే బొమ్మ చూశాను. అలల్లేని నీళ్లు, లేత గులాబీ ఆకాశం, ఒడ్డున మనవైపు వీపు పెట్టి నిలబడ్డ మనిషి, చేతిలో పొడవాటి గెడ. అంతే! ఎంతసేపు చూసినా అక్కణ్ణుంచి కదలబుద్ధి కాలేదు.

లేన్ పుట్టింది 1804లో, మసాచుసెట్స్‌లోని గ్లౌస్టర్ రేవులో. తండ్రి తెరచాపలు కుట్టేవారు. పసితనంలోనే కాళ్లు చచ్చుబడ్డాయి, బతుకంతా ఊతకర్రల మీదే. బోస్టన్‌లో లితోగ్రఫీ (రాతి పలక మీద బొమ్మ గీసి అచ్చు వేయడం) షాపులో పని నేర్చుకుని, మళ్లీ సొంతూరొచ్చి రేవుకెదురుగా రాతి ఇల్లు కట్టుకున్నారు. ఆయన గీసిన ఓడల్లో తాళ్లు కూడా ఒక్కొక్కటిగా విడివిడిగా కనిపిస్తాయి. నాకు మాత్రం ఆ వెలుతురే ప్రాణం.

అటువైపు ఉన్న మనవాళ్లు గ్లౌస్టర్‌లో కేప్ యాన్ మ్యూజియం తప్పకుండా చూడండి. ఆయన బొమ్మలు ఎక్కువగా ఉన్నది అక్కడే.