హనుమకొండ ఫ్లాట్ల వెనుక ఉన్న జీతాలు

నక్కలగుట్ట, సుబేదారి, వడ్డేపల్లి వైపు పాత డాబా ఇళ్లు పోయి అపార్ట్‌మెంట్లు లేస్తుంటే మన ఊరు ఎదుగుతోందని అందరం సంతోషిస్తాం. ఆ ఫ్లాట్లకు కిస్తీలు కట్టే జీతాలు ఎక్కడివో కూడా చూడాలని నా అభిప్రాయం. ఎంజీఎం ఆసుపత్రి, ఎన్‌ఐటీ, కాకతీయ విశ్వవిద్యాలయం, రైల్వే వంటి చోట్ల వచ్చే స్థిరమైన జీతమో పింఛనో కొంత భాగాన్ని మోస్తోంది. మిగిలినదానిలో చాలావరకు హైదరాబాదులోనో అమెరికాలోనో పనిచేసే పిల్లల సంపాదనే. నాకు తెలిసిన ఒక రిటైర్డ్ ఉపాధ్యాయ దంపతుల ఫ్లాటులో మూడు పడకగదులున్నాయి. రెండింటికి దాదాపు ఏడాదంతా గడియే. దసరాకు కొడుకు కుటుంబం వచ్చినప్పుడే ఆ గదుల్లో ఏసీ నడుస్తుంది. కిస్తీ అతని హైదరాబాదు జీతంలోంచి పోతుంది.

స్థానికంగా కొలువులు రావడం లేదని కాదు. మడికొండ ఐటీ పార్కులో 2020 జనవరిలో సైయెంట్, టెక్ మహీంద్రా కేంద్రాలు మొదలయ్యాయి. గీసుగొండ, సంగెం మండలాల్లో టెక్స్‌టైల్ పార్కుకు 2017లో, కాజీపేటలో రైల్వే తయారీ కేంద్రానికి 2023 జూలైలో శంకుస్థాపనలు జరిగాయి. అయితే శంకుస్థాపన నాడే చుట్టుపక్కల భూమి ధర లేస్తుంది, కొలువులేమో ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా వస్తాయి. ఆ లోపల పెరిగిన స్థలం ధర, డెవలప్‌మెంట్ ఒప్పందం ప్రకారం స్థలం ఇచ్చినందుకు కట్టిన ఫ్లాట్లలో భూయజమానికి పోయే వాటా కలిసి చదరపు అడుగు రేటును ఎంత పైకి తీసుకెళ్తాయంటే, బిల్డరుకు పెద్ద ఫ్లాట్లు కట్టడమే గిట్టుబాటవుతుంది.

వడ్డీ తగ్గడం మేలే. 2023 ఫిబ్రవరిలో 6.5 శాతానికి చేరిన రెపో రేటును, అంటే తాను బ్యాంకులకు ఇచ్చే అప్పుపై వడ్డీని, రిజర్వు బ్యాంకు 2025లో విడతలవారీగా తగ్గించింది. ఇరవై ఏళ్ల గడువుతో తీసుకున్న 40 లక్షల రుణంపై వడ్డీ తొమ్మిది నుంచి ఎనిమిది శాతానికి దిగితే నెలకు సుమారు 2,500 రూపాయలు మిగులుతాయి. కానీ ఎనిమిది శాతం దగ్గర కూడా కిస్తీ 33 వేలు దాటుతుంది. టెక్స్‌టైల్ పార్కులో కుట్టుమిషను మీద పనిచేసే అమ్మాయికి ఆ లెక్క ఏ విధంగానూ అందదు. ఆమెకు కావలసింది పనిచోటుకు దగ్గరలో, నీళ్లు, బస్సు సౌకర్యం ఉన్న రెండు గదుల అద్దె ఇల్లు. టెక్స్‌టైల్ పార్కు చుట్టూ లేఅవుట్లకు అనుమతులిచ్చేటప్పుడే అటువంటి అద్దె ఇళ్లకు కొంత స్థలం విడిచిపెట్టాలని ప్రభుత్వం షరతు పెట్టాలి. భూమి ధర ఇంకా పెరిగాక ఆ పని సాధ్యపడదు.